గ్రేట్ సర్కిల్ మ్యాపర్: దూరం లెక్కకు భేష్, సమయానికి వేరే చోట చూడాలి

రెండు ఊళ్ల మధ్య విమాన దూరం తెలుసుకోవడానికి నేను వాడేది గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే ఉచిత వెబ్‌సైట్. విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు మధ్యలో గీత పెట్టి కొడితే చాలు, మ్యాపు మీద దారి గీసి దూరం చెబుతుంది. పేజీలో హంగులేమీ ఉండవు, లెక్క మాత్రం గట్టిది. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి కొట్టి చూడండి, 15,300 కి.మీ. పైచిలుకు చూపిస్తుంది. మామూలు బల్లపరుపు మ్యాపులో ఇలాంటి దారులు వంకరగా ధ్రువం వైపు ఎగబాకినట్టు కనిపిస్తాయి గానీ, గోళం మీద దగ్గర దారి అదే.

నాకు ఇందులో బాగా నచ్చింది, మనం వేగం ఇస్తే తప్ప ప్రయాణ సమయం జోలికి పోకపోవడం. దూరాన్ని గంటకు 900 కి.మీ.తో భాగించి, అరగంట కలిపి ‘ఇదీ మీ ప్రయాణ సమయం’ అని చెప్పే సైట్లు బోలెడున్నాయి. అలాంటి ఒక సైట్ చెప్పినదానికీ అమ్మానాన్నల టికెట్ మీద ఉన్నదానికీ రెండు గంటల పైనే తేడా వచ్చింది. నాన్న ఇన్సులిన్ మీద ఉన్నారు. డోసుల వేళలు ముందే డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోవాల్సిన మాకు ఆ రెండు గంటలు చాలా పెద్ద టెన్షన్.

ఆ తేడాకు ముఖ్య కారణం గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే జోరు గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ బదులు పసిఫిక్ మీదుగా తిప్పింది. దారి దాదాపు 1,400 కి.మీ. పెరిగి 15,300 అయింది, అయినా గాలి వెనక నుంచి తోయడంతో పద్నాలుగున్నర గంటల్లోనే దిగింది. ఎక్కువ దూరం, తక్కువ సమయం! ఇది ఏ భాగహారంలోనూ తేలదు. ఇక హెల్సింకి–టోక్యో: మ్యాపర్‌లో ఎప్పుడు చూసినా దాదాపు 7,800 కి.మీ.లే. కానీ 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక తొమ్మిదిన్నర గంటల ప్రయాణం పదమూడు గంటల దాకా పోయింది.

అందుకే సమయం కోసం విమానాల జాడ చూపే సైట్లు ఫ్లైట్ రాడార్ 24 గానీ, ఫ్లైట్ అవేర్ గానీ తెరిచి, విమానం నంబరు కొట్టి, గడిచిన రోజుల్లో నిజంగా ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో చూస్తాను. టికెట్ మీద ఉండేది గేటు నుంచి గేటు దాకా పట్టే సమయం, రన్‌వే దాకా నెమ్మదిగా సాగే సేపు కూడా అందులో కలిసే ఉంటుంది. చలికాలంలో జెట్ స్ట్రీమ్ జోరు ఎక్కువ కాబట్టి వేసవి లెక్క పట్టుకుని డిసెంబరు ప్రయాణానికి సిద్ధపడకండి.

మధ్యలో విమానం మారేవాళ్లు మ్యాపర్‌లో మూడు కోడ్‌లూ వరుసగా కొట్టండి, ఎంత చుట్టు తిరుగుతున్నారో వెంటనే తెలుస్తుంది. మధ్యలో ఆగే గంటలు మాత్రం టికెట్ చూసి మీరే కలుపుకోవాలి.