ట్రౌట్ తొట్టికి చిల్లర్: పనిమంతురాలే, నోరే పెద్దది

పెన్సిల్వేనియాలో మా అబ్బాయి క్లాసులో చల్లటి నీళ్లలో బతికే ట్రౌట్ చేప పిల్లల్ని పెంచుతున్నారు. రాష్ట్ర ఫిష్ అండ్ బోట్ కమిషన్ వాళ్ల రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు నవంబర్‌లో వచ్చాయి. నారింజ రంగు పూసల్లా ఉంటాయి, లోపల నల్లటి కళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. తొట్టి చూసుకునే వాలంటీర్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి, నీళ్లని చల్లగా ఉంచే ఈ చిల్లర్ యంత్రం గురించి నాలుగు ముక్కలు.

నీళ్లు 52 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 11 సెల్సియస్ దగ్గర ఉండాలి. స్కూల్ హీటర్ల వేడిలో ఈ యంత్రం లేకపోతే పని జరగదు. చల్లదనానికి ఢోకా లేదు, పెట్టిన అంకె దగ్గరే నిలబడుతుంది. కానీ ఆ మోత! కంప్రెసర్ ఆన్ అయితే పక్క బెంచీ పిల్లలకి పాఠం వినబడదు. వెనక నుంచి వేడిగాలి కొడుతుంది, గోడకి ఆనించి పెట్టకండి. అద్దాలకి చెమ్మ పడుతుంటే తొట్టి చుట్టూ ఫోమ్ షీట్లు కట్టాం. దాంతో మోత కూడా తక్కువసేపే వస్తోంది.

చిల్లర్ కొన్నాం కదా అని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు. తెల్లబడ్డ గుడ్డు చచ్చినట్టే, బూజు పక్కవాటికి పాకకముందే పిపెట్‌తో తీసెయ్యాలి. పొట్ట కింద సొన సంచి కరిగి, పిల్లలు పైకి ఈది మేత తినడం మొదలెట్టాక, వాటి వ్యర్థాల వల్ల నీళ్లలో చేరి చేపలకి విషమయ్యే అమ్మోనియా టెన్షన్.

ధర మాత్రం మంట. తొట్టీ ఫిల్టరూ కలిపినా దీనంత కాలేదు. ఐదుకి మూడున్నర స్టార్లు, ఆ అర కూడా వారంటీ చూసి ఇచ్చిందే.