పక్షవాతం అనుమానం వచ్చినప్పుడు: సీటీ స్కానా, ఎంఆర్ఐనా?

మూతి వంకరపోయి, ఒకవైపు చెయ్యి పడిపోయిన మనిషిని ఆసుపత్రికి చేర్చినప్పుడు మొదట తేలవలసింది మెదడులో రక్తనాళం పూడుకుపోయిందా, చిట్లిందా అన్నదే. పూడుకుపోయిన చోట రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి, రక్తస్రావం ఉంటే అసలు ఇవ్వకూడదు.

సీటీ: కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, ఖర్చు తక్కువ. కొత్త రక్తస్రావం తెల్లగా కనబడుతుంది. కొంత రేడియేషన్ తప్పదు.

ఎంఆర్ఐ: ఖర్చు, సమయం రెండూ ఎక్కువ. కదలకుండా పడుకోవాలి, గుండెకు అమర్చే కొన్ని రకాల పేస్‌మేకర్లు ఉన్నవారికి కుదరదు. అయితే మెడ వెనుక భాగం నుంచి పైకి వెళ్లే వెర్టిబ్రల్ ధమనులు రక్తమందించే మెదడు కాండంలో (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం), చిన్నమెదడులో రక్తం అందక కొద్ది భాగం దెబ్బతింటే, చుట్టూ ఉన్న దట్టమైన ఎముక వల్ల సీటీలో సరిగా కనిపించనిది చాలావరకు ఇందులోనే బయటపడుతుంది.

తొలి గంటల్లో సీటీకే మొగ్గు చూపాలి. అది మామూలుగా ఉన్నంత మాత్రాన పక్షవాతం లేదనుకోకూడదు. తల తిరగడం, మాట తడబడటం తగ్గకపోతే ఎంఆర్ఐ చేయించడమే మేలు.