డిస్క్‌లో పాత ఫైళ్లు మాయమైతే: తెరిచి ఉంచిన డిస్క్ మేలా, మూసేసిన డిస్క్ మేలా?

పోయిన వేసవిలో మా అక్క ఒక డీవీడీ తెచ్చి నా చేతిలో పెట్టింది. పైన మార్కర్‌తో "బాబు అన్నప్రాసన, పుట్టినరోజు" అని రాసుంది. కంప్యూటర్‌లో పెడితే పుట్టినరోజు ఫొటోలు మాత్రమే వస్తున్నాయి. "అన్నప్రాసనవి చెరిగిపోయాయిరా, రెండోసారి ఎక్కించేటప్పుడే ఏదో అయ్యుంటుంది" అంది.

డిస్క్ తిప్పి వెలుతురులో ఏటవాలుగా పట్టుకున్నాను. రాత లోపలి అంచు దగ్గర మొదలై బయటికి సాగుతుంది. రాసిన మేర రంగు కాస్త తేడాగా కనిపిస్తుంది. అక్క డిస్క్ మీద ఆ పట్టీ రెండు వేళ్ల వెడల్పుంది. నలభై పుట్టినరోజు ఫొటోలకు అంత చోటు పట్టదు. అన్నప్రాసన అక్కడే ఉంది, కంప్యూటర్‌కు దారి తెలియట్లేదంతే.

సీడీ-ఆర్, డీవీడీ-ఆర్ అంటే ఒక్కసారే రాయగల డిస్కులు. వాటిలో ఒకసారి లేజర్‌తో కాల్చి రాసిన చోటు మళ్లీ ఖాళీ కాదు. కిరాణా కొట్టు చిట్టాతో పోల్చి చూడండి. కొత్త పేజీ మొదలుపెట్టినప్పుడు పైన "వెనకటి బాకీ" ఎక్కించాలి. ఎక్కించడం మరిచిపోతే పాత బాకీ రద్దు కాదు, పాత పేజీలోనే ఉంటుంది. కానీ కొత్త పేజీ ఒక్కటే చూసేవాడికి అది లేనట్టే లెక్క. డిస్క్‌లో ఒక్కో విడత రాతను సెషన్ అంటారు. విండోస్ మామూలుగా చివరి సెషన్ సూచికనే చదువుతుంది. నీరో లాంటి డిస్కులు రాసే ప్రోగ్రాముల్లో రెండో విడత రాసేటప్పుడు "కంటిన్యూ మల్టీసెషన్" బదులు "స్టార్ట్ మల్టీసెషన్" నొక్కితే వెనకటి బాకీ ఎక్కదు. అక్క విషయంలో జరిగింది ఇదే.

మరి ఏ పద్ధతిలో రాస్తే మేలు? విండోస్ 7 నుంచి ఖాళీ డిస్క్ పెట్టగానే ఒక ప్రశ్న వస్తుంది: యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా వాడతారా, సీడీ/డీవీడీ ప్లేయర్‌లో వాడతారా? చాలామంది చదవకుండానే ఓకే కొట్టేస్తారు. మీ ఫైళ్ల భవిష్యత్తు చాలావరకు అక్కడే తేలిపోతుంది.

మొదటిదాని పేరు లైవ్ ఫైల్ సిస్టమ్. ఫైలు లాగి వేయగానే డిస్క్ మీదికి వెళ్లిపోతుంది. రేపు ఇంకొకటి, ఎల్లుండి మరొకటి వేసుకోవచ్చు. ఆ సుఖం నిజమే. ఇబ్బంది ఏమిటంటే, వేరే కంప్యూటర్‌లో చదవాలంటే ముందు సెషన్ మూయాలి, అంటే ఆ విడత రాత ముగిసిందని డిస్క్ మీద నమోదు చేయించాలి. మూసిన ప్రతిసారీ సుమారు 20 ఎంబీ పోతుంది. మూయకముందే డ్రైవ్ పాడైతేనో, కరెంటు పోతేనో, ఆ డిస్క్ ఇంకో కంప్యూటర్‌లో ఖాళీగా కనిపించవచ్చు. ఇంట్లో టీవీకి తగిలించిన డీవీడీ ప్లేయర్లలో చాలావరకు దీన్ని చదవవు. 'ఆర్' డిస్క్ మీద ఫైలు డిలీట్ చేస్తే పేరు పోతుంది గానీ చోటు తిరిగి రాదు.

రెండోది మాస్టర్డ్. ఫైళ్లన్నీ ముందు ఒకచోట పోగై, మీరు బర్న్ అన్నాకే ఒక్క ఊపున రాతకు వెళ్తాయి. ఎక్కువ యంత్రాల్లో చదవగలిగేది ఇదే. దాచుకునే వాటికి నా ఓటు దీనికే. అయితే ఇందులో ఒక పెద్ద గొయ్యి ఉంది, అందులో పడినవాళ్లను చాలామందిని చూశాను. ఫైళ్లను డిస్క్ గుర్తు మీదికి లాగగానే అక్కడ కనిపిస్తాయి. ఎక్కేశాయనుకుని కంప్యూటర్‌లో అసలువి డిలీట్ చేస్తారు. నిజానికి డిస్క్ ఇంకా ఖాళీ. మీకూ ఇలా జరిగితే కంగారు పడకండి. ఆ కాపీలు మీ యూజర్ ఫోల్డర్ కింద యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, బర్న్ వరుసలో దాగి ఉంటాయి. డిస్క్ క్లీనప్‌ల జోలికి పోకుండా ముందు అక్కడ వెతకండి.

ఇక మల్టీసెషన్‌గా, అంటే ఇంకో విడత రాయడానికి వీలుగా తెరిచి ఉంచడమా, ఫైనలైజ్ చేసి, అంటే ఇక రాయడానికి వీల్లేకుండా మూసేయడమా? తెరిచి ఉంచితే డిస్క్ ఆదా అవుతుందని అంటారు. 700 ఎంబీ సీడీలో మొదటి సెషన్ మూయడానికే 22 ఎంబీ దాకా, ఆ తర్వాత ఒక్కో సెషన్‌కు 13 ఎంబీ దాకా పోతుంది. నాలుగైదు విడతలకు ఆ ఆదా కాస్తా కరిగిపోతుంది. పైగా ప్రతి కొత్త విడతా వెనకటి బాకీ మరిచిపోవడానికి ఇంకో అవకాశం. వారం వారం మారే లెక్కల ఫైళ్లకైతే తెరిచి ఉంచిన డిస్క్ పనికొస్తుంది. పెళ్లి ఫొటోలు, తాతగారి గొంతు రికార్డింగు లాంటివైతే అన్నీ పోగయ్యేదాకా ఆగి, ఒకేసారి రాసి మూసేయండి. రాశాక వెరిఫై చేయడం (రాసింది అసలుతో సరిపోలిందో లేదో ప్రోగ్రాముతో చూసుకోవడం), ఇంకో డ్రైవ్‌లో పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడడం అయ్యేదాకా అసలువి కదపొద్దు.

పోయాక ఏం చేయాలన్నదాంట్లోనూ రెండు దారులున్నాయి. అదే డిస్క్ మీద మళ్లీ రాసి సరిచేద్దామనుకోవడం ఒకటి. అది వద్దు. పాత సెషన్ తెరవడం రెండోది. డిస్కుల నుంచి డేటా వెలికితీసే ఐసోబస్టర్ అనే ప్రోగ్రాము ఒక్కో సెషన్‌నూ విడివిడిగా చూపిస్తుంది. లినక్స్‌లో సీడీ మౌంట్ చేసేటప్పుడు (తెరిచేటప్పుడు) సెషన్ నంబరు ఇవ్వొచ్చు. చెరిపి మళ్లీ రాయగల డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూ సంగతి వేరు. దాంట్లో సెషన్లు ఉండవు, మళ్లీ మొదటినుంచి రాస్తే పాతది నిజంగానే చెరిగిపోతుంది. గీతలు పడి చదవకపోతే ముందు వేరే డ్రైవ్‌లో ప్రయత్నించండి. ఆ తర్వాత పాడైన డిస్కులను కాపీ చేసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే ఒకే ఫైలుగా తీసి, పనంతా ఆ ఇమేజ్ మీదే చేయండి. సీడీకైతే లేబుల్ వైపు గీతే ఎక్కువ ప్రమాదం. డేటా పొర ఆ పల్చటి లక్క కిందే ఉంటుంది. డీవీడీలో అది రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య కాస్త భద్రంగా ఉంటుంది.

అక్క డిస్క్‌ను ఐసోబస్టర్‌లో తెరిస్తే ఎడమవైపు రెండు సెషన్లు వచ్చాయి. మొదటిది నొక్కాను. వెండి గిన్నె, పరమాన్నం, మూతి తిప్పుకుంటున్న మేనల్లుడు. అక్క కాసేపు ఏం మాట్లాడలేదు. అన్నీ కంప్యూటర్‌లోకి తీసుకుని, రెండు కొత్త డిస్కుల మీద విడివిడిగా రాసి మూసేశాను. ఒకటి వాళ్లింట్లో, ఒకటి మా ఇంట్లో ఉన్నాయి.