నెమళ్ల తుమ్ములకి టైలోసిన్ పౌడర్ పనిచేస్తుందా? నా రివ్యూ

నెమళ్లు పెంచేవాళ్లు తుమ్ము వినపడగానే మొదట అడిగేది టైలోసిన్ అనే యాంటీబయాటిక్ గురించే, అందుకే నీళ్లలో కలిపి ఇచ్చే ఆ పౌడర్ గురించి నాకు తెలిసిందంతా ఒకచోట రాసేస్తున్నా. మందు మంచిదే, నేను మళ్లీ కొంటా కూడా, కానీ అది పనిచేసే రోగం వేరు, మనం దాన్ని వాడేసే రోగాలు వేరు, గొడవంతా అక్కడే వస్తోంది. ఇంకో మాట, ఇండియాలో ఉన్నవాళ్లు నెమలిని పెంచకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు, జబ్బుపడ్డ నెమలి కనిపిస్తే అటవీ శాఖ వాళ్లకి చెప్పాలి. పెంచుకోడానికి అనుమతి ఉన్న దేశాల్లో ఉన్నవాళ్ల కోసమే ఇది.

ఈ మందు బాగా పట్టేది మైకోప్లాస్మా గల్లిసెప్టికం అనే బ్యాక్టీరియాకి. కోళ్లలో వచ్చే పాత రొంప జబ్బే, టర్కీలకీ నెమళ్లకీ వస్తే ఇంకా గట్టిగా పీడిస్తుంది. దానికి కణం చుట్టూ గోడ ఉండదు, అమాక్సిసిలిన్ లాంటివేమో ఆ గోడ మీదే దెబ్బకొట్టే మందులు, అందుకే ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ ఎంత పోసినా తుమ్ములు తగ్గవు. టైలోసిన్ వేరే దారిలో, ఆ బ్యాక్టీరియా ప్రోటీన్లు తయారుచేసుకోకుండా ఆపుతుంది.

మైకోప్లాస్మా అని ఎలా అనుమానించాలంటే, పక్షిని దగ్గరగా చూడండి. కంటి మూలలో సబ్బు నురగ లాగా సన్న బుడగలు ఉంటాయి, ముక్కు రంధ్రాల దగ్గర తడికి మేత దుమ్ము అంటుకుని పెచ్చు కడుతుంది, భుజం దగ్గర ఈకలు తడిసి అట్టకట్టి ఉంటాయి, ఎందుకంటే అది కారే కన్నుని అక్కడే రుద్దుకుంటూ ఉంటుంది. తర్వాత కంటి కింద చెంప ఉబ్బుతుంది. పగలు వీటి అరుపుల మధ్య ఏమీ తెలీదు గానీ చీకటి పడ్డాక అవి కర్రలెక్కి కూర్చున్నప్పుడు కింద నిలబడి కాసేపు వింటే గరగర స్పష్టంగా వినిపిస్తుంది. అయినా ఇవన్నీ అనుమానం వరకే, వేరే జబ్బుల్లోనూ ఇలాగే ఉండొచ్చు, వెట్ (పశువైద్యుడు) గొంతులోంచి స్వాబ్ తీసి, క్రిమి జన్యువుని పట్టే పీసీఆర్ పరీక్ష చేయిస్తే అప్పుడు ఖాయం.

ఇక వాడకం. కోళ్లకి మామూలుగా చెప్పే లెక్క లీటర్ నీళ్లకి సుమారు అర గ్రాము టైలోసిన్, 3 నుంచి 5 రోజులు. ఇక్కడ అర గ్రాము అంటే అసలు మందు బరువు, పౌడర్ బరువు కాదు, కంపెనీని బట్టి ప్యాకెట్లో మందు శాతం మారుతుంది కాబట్టి లేబుల్ చదవకుండా స్పూన్ లెక్కన వెయ్యొద్దు. ముందు గిన్నెలో పౌడర్ వేసి దాని మీద నీళ్లు పొయ్యాలి, నీళ్లలో పౌడర్ పోస్తే ఉండలు కడుతుంది. చేతికి అంటితే కొందరికి దద్దుర్లు వస్తాయి, గ్లోవ్స్, మాస్క్ పెట్టుకోండి. నేనైతే లేబుల్ మీద ఎంతసేపు నిలవుంటుందని రాసున్నా సరే రోజూ కొత్తగా కలిపి పోస్తా, తొట్టిలో మేత, రెట్ట పడ్డ నీళ్లలో మందు ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు.

నాకు నచ్చనిది చేదు. మామూలు చేదు కాదు, నెమలి ఒక గుక్క తాగి తల విదిలించి వెళ్లిపోతుంది, బయట తిరిగే పక్షైతే ఎక్కడో గుంటలో నీళ్లు తాగేసి వస్తుంది. పైగా జబ్బు ముదిరిన పక్షి అసలే నీళ్లు సరిగ్గా తాగదు కదా, అంటే మందు ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ వెళ్తుంది. అందుకే దాన్ని షెడ్‌లో పెట్టి వేరే నీళ్లు లేకుండా చూడాలి, పచ్చి ఆకులు కూడా ఆ కొద్ది రోజులు తగ్గించాలి ఎందుకంటే ఆకుల్లోంచే బోలెడు తడి దొరుకుతుంది దానికి. అప్పటికీ తాగకపోతే ఆగొద్దు, వెట్‌తో మాట్లాడి బరువుని బట్టి ఇంజెక్షనో నోట్లో డోసో ఇప్పించండి. నోట్లో మీరే పోయాల్సి వస్తే నాలుక మొదట్లో చిన్న రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది, అదే శ్వాసనాళం, అందులోకి చుక్క పోయినా ఊపిరితిత్తుల్లోకే, కాబట్టి సిరంజ్ పక్కనుంచి దాన్ని దాటించి మెల్లగా, కొంచెం కొంచెంగా.

పట్టుకోడం కూడా రాత్రిపూటే, తల మీద గుడ్డ కప్పి రెండు కాళ్లు కలిపి పట్టుకోవాలి, తోక ఈకలు పట్టి లాగితే చేతికి ఊడొస్తాయి. ఎండలో తరిమి తరిమి పట్టుకుంటే బాగున్న నెమలి కూడా నోరు తెరిచి ఒగరుస్తుంది, అది చూసి జబ్బనుకుంటారు, ఉన్న జబ్బేమో ఇంకా ముదురుతుంది.

ఇప్పుడు ఈ పౌడర్ దండగ అయ్యే సందర్భాలు. నెమలి మెడ చాచి నోరు బార్లా తెరిచి, ఏదో అడ్డం పడ్డట్టు తల విదిలిస్తుంటే గేప్‌వార్మ్ చూడమనండి, శ్వాసనాళంలో ఉండే ఎర్రటి పురుగు, వానపాములు, నత్తలు తిన్నప్పుడు లోపలికి వెళ్తుంది, దానికి ఫెన్‌బెండజోల్ లాంటి పురుగుల మందే గతి. తుమ్ములు లేకుండా ఊరికే ఆయాసం, బరువు తగ్గిపోవడం, గొంతు మారిపోవడం ఉంటే బూజు వల్ల వచ్చే ఆస్పర్‌జిల్లోసిస్ అయ్యుండొచ్చు, తడిసిన గడ్డి పరిచిన షెడ్లలో ఇది ఎక్కువ, యాంటీబయాటిక్ దీని మీద అసలు పనిచెయ్యదు, ముందు ఆ గడ్డంతా తీసి పారెయ్యాలి. రెండు మూడు పక్షులు ఒకేసారి కూలబడ్డా, మెడలు తిరిగిపోతున్నా, ఉన్నట్టుండి చచ్చిపోతున్నా మాత్రం పౌడర్ జోలికే పోకండి. న్యూకాజిల్, బర్డ్ ఫ్లూ లాంటి వైరస్‌లకి మందు లేదు, చేతుల్తో ముట్టుకోకుండా పశువైద్య అధికారులకి వెంటనే ఫోన్ చెయ్యండి.

సరైన రోగానికి వాడితే మాత్రం తేడా తెలుస్తుంది, కొద్ది రోజుల్లోనే కంటి నురగ తగ్గుతుంది, గరగర సన్నబడుతుంది, మేత దగ్గరికి మళ్లీ వస్తుంది. చెంప వాపు గట్టిపడితే అది వేరే సంగతి, లోపల చీము జున్నులా గడ్డకట్టి ఉంటుంది, వెట్ కోసి కడిగితేనే పోతుంది, ఎన్ని ప్యాకెట్లు పోసినా కరగదు. ఇంకోటి ఎవరూ చెప్పరు, తగ్గిన పక్షిలో కూడా ఆ క్రిమి ఉండిపోతుంది, గుడ్డు ద్వారా పిల్లలకీ వెళ్తుంది, చలి పడినా కొత్త చోటికి మార్చినా మళ్లీ బయటపడొచ్చు. దయచేసి అలాంటి పక్షిని చెప్పకుండా ఎవరికీ అమ్మొద్దు, ఇవ్వొద్దు. కోళ్లతో కలిపి పెంచేవాళ్లు ఇంకా జాగ్రత్త, పైకి బాగున్న కోడే అంటించొచ్చు, కొత్తగా ఏ పక్షి తెచ్చినా 30 రోజులు దూరంగా పెట్టండి.

నా రేటింగ్ 5కి 3.5, ఆ తగ్గించింది చేదుకే. కోళ్లకీ అదే మందు నీళ్లు పెట్టేవాళ్లు గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో లేబుల్ మీద చూసుకోండి. గుర్రాలు ఉన్నవాళ్లు ఈ నీళ్ల తొట్టి వాటికి అందకుండా పెట్టాలి, గుర్రానికి టైలోసిన్ ప్రాణాంతకం.