నలుగురు కూర్చుని వాయించాల్సిన బొమ్మ

జమైకా వెళ్ళినవాళ్ళు చాలామంది మాంటెగో బే బీచిలు చూసుకుని వచ్చేస్తారు. మేం ముగ్గురం ఐదు రోజుల్లో మూడు రాజధాని కింగ్‌స్టన్‌కే ఇచ్చాం. మళ్ళీ వెళ్తే నాలుగిస్తాను.

నన్ను అక్కడికి లాక్కెళ్ళింది ఎవరాల్డ్ బ్రౌన్. 1917లో పుట్టిన వడ్రంగి, రాస్తఫారీ (ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దైవంగా కొలిచే జమైకా మతం, పొట్టిగా రాస్తా) భక్తుడు, జనానికి బ్రదర్ బ్రౌన్. బొమ్మలెయ్యడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇథియోపియన్ ఆర్థడాక్స్ క్రైస్తవ సంప్రదాయాన్ని మనసులో పెట్టుకుని కింగ్‌స్టన్‌లో ఒక చిన్న ప్రార్థనా మందిరం కట్టుకున్నాడు. అందులోకి కావలసినవన్నీ తనే చెక్కి రంగులేశాడు. ఆయన కళ పుట్టింది ఆ పూజలోంచే.

నేషనల్ గ్యాలరీ ఆఫ్ జమైకా సముద్రపు ఒడ్డునే, ఓషన్ బులవార్డ్‌లో ఉంది. పొద్దున్నే వెళ్ళండి, తీరిగ్గా చూడొచ్చు. బ్రౌన్ 1986లో చేసిన వాద్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పేరే 'నలుగురి కోసం వాద్యం'. చెక్కమీద చెక్కడం, దానిమీద బొమ్మలు, తీగలు, అన్నీ ఒకే వస్తువులో. ఒక్కడు వాయిస్తే అది పూర్తి కాదు, నలుగురూ చుట్టూ చేరాలి. దాన్ని ముట్టుకోకుండా నిలబడటం నాకు నిజంగా కష్టమైంది.

ఇలా ఎవరి దగ్గరా నేర్చుకోని కళాకారుల్ని 'ప్రిమిటివ్' (ఆదిమ) అనడం నచ్చక గ్యాలరీ క్యూరేటర్ డేవిడ్ బాక్సర్ 'ఇంట్యూటివ్స్' (అంతఃప్రేరణతో చేసేవాళ్ళు) అన్నాడు. 1979లో గ్యాలరీలో వాళ్ళకో పెద్ద ప్రదర్శనే పెట్టారు. ఆ వరసలోనే కాపో శిల్పాలు కూడా తప్పక చూడండి. ఆయన రాస్తా కాదు, రివైవల్ (ఆఫ్రికా ఆచారాలు కలిసిన జమైకా క్రైస్తవం) మత గురువు. ఇద్దరినీ ఒకే గాట కట్టకండి.

బస: న్యూ కింగ్‌స్టన్‌లో ఒక చిన్న గెస్ట్‌హౌస్. మూడు రోజుల్లో రెండు రోజులు వేణ్ణీళ్ళు రాలేదు. అయినా మళ్ళీ అక్కడే దిగుతాను, పొద్దున పెట్టిన కాలలూ (callaloo) అనే ఆకుకూర కోసం. అది మన తోటకూరే! ఉల్లి, టమాటా వేసి మగ్గించారు, మా ఆవిడ రెండోసారి వడ్డించుకుంది. శాకాహారులకి ఇంకా నిశ్చింత కావాలంటే రాస్తాలు నడిపే ఇటల్ (వాళ్ళ మత నియమాల భోజనం) హోటళ్ళున్నాయి. మాంసం ఉండదు. ఉప్పు కూడా వెయ్యరు, మన నాలుకకి మొదటి పూట చప్పగానే ఉంటుంది. కొబ్బరిపాలు పోసిన కూర మాత్రం రెండు పూటలూ తిన్నాం.

ఉత్తర తీరంలోని ఓచో రియోస్ ఊరికి నట్స్‌ఫర్డ్ ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. ఏసీ ఉంది, చెప్పిన టైముకే కదిలింది. అక్కడ బీచి పక్కన కొట్లలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పూసిన చెక్కబొమ్మలు వరసగా ఉన్నాయి, అన్నిటికీ ఒకటే ముఖం. కొనలేదు. హోటలువాళ్ళు కుదిర్చిన కారు అతను దిగేటప్పుడు ఒప్పుకున్నదానికి దాదాపు రెట్టింపు అడిగాడు. రేటు ముందే కాగితం మీద రాయించుకోండి.

ఆ కారులోనే నైన్ మైల్ వైపు వెళ్ళాం, రెగే గాయకుడు బాబ్ మార్లీ పుట్టిన ఊరు. సెయింట్ ఆన్ కొండలంతా ఎర్రమట్టి, మధ్యలో తెల్లటి సున్నపురాయి. బ్రౌన్ 1973లో కింగ్‌స్టన్ వదిలి ఈ జిల్లాలోనే మర్రే మౌంటెన్‌కి వచ్చేశాడు. ఈ రాళ్ళలో ఆయనకి మనుషులు, పక్షులు కనపడేవాళ్ళు, అవే బొమ్మల్లోకి వచ్చాయి. ఈ సంగతి మా పాపకి చెప్పలేదు. ఒక మలుపు దగ్గర అదే అంది: "నాన్నా, ఆ రాయిలో తాతయ్య కూర్చున్నాడు."

కారు ఆపించి దిగాం. నాకు కనపడ్డానికి పది నిమిషాలు పట్టింది.