మా ఊరి కషాయాల దుకాణం: రెండు పంటలు పండించిన తర్వాత

కృష్ణా డెల్టాలో మాకున్న రెండెకరాల్లో ఒక ఎకరాన్ని గత ఖరీఫ్ నుంచి రసాయనాలు వాడని ప్రకృతి వ్యవసాయంలోకి మార్చాము. దానికి కావలసినవి, అంటే విత్తనాలకు పట్టించే బీజామృతం, నేలకు బలమిచ్చే ఘన, ద్రవ జీవామృతాలు, చీడపీడలకు కొట్టే కషాయాలు అన్నీ మా ఊళ్లో డ్వాక్రా సంఘ సభ్యురాలు ఒకరు నడుపుతున్న చిన్న దుకాణంలోనే తీసుకున్నాము. సార్వా వరి, ఆ వెనుక మినుము రెండూ ఇంటికి చేరాయి కనుక ఆ దుకాణం గురించి, ఇటువంటి దుకాణాలను నిలబెడుతున్న ప్రభుత్వ సొమ్ము గురించి నా అభిప్రాయం రాస్తున్నాను.

ముందుగా సరుకు సంగతి. ఎకరానికి సరిపడే ద్రవ జీవామృతం కావాలంటే 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గట్టు మీది పిడికెడు మట్టి కలిపి, నీడలో 48 గంటలు పులియనిస్తూ పూటపూటా కలియతిప్పాలి. వినడానికి తేలికే గాని, పశువుల కొట్టం ఎప్పుడో ఎత్తేసిన మా వంటి ఇళ్లలో ఆ పేడా మూత్రమూ ఎక్కడ దొరుకుతాయి? ఈ దుకాణం అసలు ప్రయోజనం అదే. పైగా తయారైన జీవామృతాన్ని వారం లోపల వాడెయ్యాలి కాబట్టి ఆమె ముందే చేసి నిల్వ పెట్టదు, "నీళ్లు ఏ రోజు పెడుతున్నారు బాబాయి గారూ?" అని అడిగి, ఆ రోజుకు అందేలా డ్రమ్ము కలుపుతుంది. తూము దగ్గర డ్రమ్ము పెట్టి సన్నని ధారగా వదలమని చేనికి వచ్చి మరీ చూపించింది. ఎరువుల కొట్టులో ఇన్నేళ్లు కొన్నాను, బస్తా ఎప్పుడు చల్లుతావని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

లోపం లేకపోలేదు. వరి పొట్ట దశలో, పైరు రసం పీల్చే దోమ కనిపించి, వేపాకుతో చేసే నీమాస్త్రం కోసం వెళితే, వేపాకు దంచే మనిషి రాలేదని, మూడు రోజులు ఆగమని చెప్పింది. దోమకు మూడు రోజులంటే చాలా ఎక్కువ. ఆ మూలన కొంత పైరు సుడులు సుడులుగా ఎండిపోయింది. మొత్తం మీద పక్క ఎకరం కంటే నాలుగు బస్తాలు తగ్గాయి. పెట్టుబడి కూడా తగ్గింది గనుక చేతికి మిగిలినదానిలో పెద్ద తేడా రాలేదు. వరి కోతకు ముందు చల్లిన మినుము మాత్రం ఎటువంటి పేచీ పెట్టలేదు.

ఇక సొమ్ము సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి మహిళా సంఘాల ద్వారా ఈ సాగును ఊరూరికీ తీసుకువెళుతోంది. జర్మనీ ప్రభుత్వ బ్యాంకు రుణం కూడా దీనికి తోడైంది. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిని అందుకున్న ముగ్గురిలో ఈ కార్యక్రమం ఒకటి. అదే ఏడాది నవంబరులో కేంద్ర మంత్రివర్గం 2,481 కోట్ల రూపాయలతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. దేశంలో ఇటువంటి సరుకు అందించే 10,000 జీవ ఉత్పాదకాల కేంద్రాలు, రైతుకు ఒక ఎకరం వరకు ఏడాదికి 4,000 రూపాయల చొప్పున రెండేళ్లు ప్రోత్సాహకం అందులోని ముఖ్యాంశాలు.

ఈ లెక్కను ఎరువుల రాయితీ పక్కన పెట్టి చూడాలి. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకే దొరకడానికి, తక్కిన ఎరువులతో కలిపి, కేంద్రం ఏటా లక్షన్నర కోట్లకు పైగా భరిస్తోంది. యూరియా బస్తాను ఒక్క మనిషి చేలో నడుస్తూ పూటలో చల్లేస్తాడు. 200 లీటర్ల డ్రమ్మును చేనిదాకా చేర్చడానికే ఇద్దరు కావాలి, అదీ పంటకాలంలో పలుమార్లు. అంటే ప్రభుత్వ సొమ్ములో సింహభాగం శ్రమను తగ్గించే బస్తాకే పోతుండగా, శ్రమను పెంచే పద్ధతికి 4,000 రూపాయలు దక్కుతున్నాయి. నన్నడిగితే రైతు ఖాతాలో వేసేది కొంత తగ్గించి అయినా సరే, ఆ సొమ్మును వేపాకు దంచే యంత్రానికి, డ్రమ్ములు మోసే చిన్న బండికి, పంటకాలమంతా దుకాణంలో ఉండే ఒక మనిషి కూలికి ఇస్తే మేలు. మా దోమ అప్పుడు సమయానికి లొంగేది. రెండేళ్ల గడువు కూడా నాకు నచ్చలేదు. ఏళ్ల తరబడి యూరియా తిన్న నేల రెండేళ్లకే కుదుటపడుతుందని మా ఊళ్లో అనుభవమున్న రైతులెవరూ అనరు.

సరుకుకు ఐదింట నాలుగు మార్కులు వేస్తాను, అత్యవసరానికి అందే విషయంలో రెండే. రెండో ఎకరం ఈ ఏడాదీ పాత పద్ధతిలోనే ఉంటుంది. మొదటి ఎకరానికి ఘన జీవామృతం, కాలువ నీళ్లు రాకముందే నేల బలానికి చల్లుకునే నవధాన్యాల (రకరకాల గింజల) విత్తనాలు చెప్పి వచ్చాను. నీమాస్త్రం మాత్రం ఈసారి నాట్లకు ముందే రాయించుకున్నాను.