జిప్సీకి వెడల్పు టైర్లా, సన్న టైర్లా? సిరొంచలో మూడు సెట్ల అనుభవం

నాది వ్యవసాయ మోటార్ల మరమ్మతు పని. ఉండేది సిరొంచలో. ఇటు ప్రాణహిత, అటు గోదావరి, వెనక గడ్చిరోలి అడవి. మిర్చి చేలో మోటారు ఆగితే రైతు రాత్రి పదకొండు గంటలకైనా ఫోను చేస్తాడు. దారి ఎలా ఉందో మాత్రం చెప్పడు. అందుకే 2017లో ఒక పాత మారుతి జిప్సీ కొన్నాను, నాలుగు చక్రాలూ లాగే జీపు లాంటి బండి. దానికి ఇప్పటివరకు మూడు సైజులు వాడాను: 235/75 ఆర్15 మూడేళ్లు, కంపెనీ సైజు 205/70 ఆర్15 మరో మూడేళ్లు, 2023 చివరి నుంచి 195/80 ఆర్15. మారుతి జిమ్నీకి వచ్చే సైజు ఇదే. ఈ అంకెల్లో మొదటిది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో టైరు పక్క ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ము సైజు. మా పనికి సన్న టైరే మేలని నా లెక్క తేలింది. అయితే అది రెండు చోట్ల నన్ను బాగా ఏడిపించింది, అది కూడా చెబుతాను.

వెడల్పు సెట్టు పాత యజమాని వేయించినది. బండి పహిల్వానులా కనిపించేది, నాకూ ముచ్చటగానే ఉండేది. చిక్కు రిమ్ము దగ్గర ఉంది. జిప్సీ ఇనుప రిమ్ము అయిదున్నర అంగుళాలది, 235 టైరుకు కనీసం ఆరు అంగుళాలు కావాలి. ఇరుకు రిమ్ములో కూర్చున్న టైరు రెండు పక్కలా బూరెలా ఉబ్బి ఉండేది. జిమలగట్ట అవతల అడవి దారిలో ఏటవాలుగా నరికిన వెదురు మోడు ఒకటి సరిగ్గా ఆ ఉబ్బులోకే దిగింది. నేలను తాకే భాగంలో దిగి ఉంటే పంక్చరు వేసుకుని పోయేవాణ్ణి. పక్క చిరిగితే ఇక ఆ టైరుకు నూకలు చెల్లినట్టే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. 205/70 టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు, 235/75 టైరు 733. దాదాపు పది శాతం తేడా. మీటరు 50 చూపిస్తుంటే బండి 55లో పోతోందన్నమాట. కిలోమీటర్లు కూడా తక్కువే లెక్కపడతాయి కాబట్టి, లీటరుకు ఎనిమిదిన్నరే వస్తోందని నేను తిట్టుకున్న రోజుల్లో నిజానికి తొమ్మిది దాటి వస్తోంది. అయినా ఆ 1.3 లీటర్ల ఇంజిను అంత పెద్ద చక్రాన్ని తిప్పలేక ఆయాసపడేది. వెనక రెండు మోటార్లు వేసుకుని గట్టు ఎక్కాలంటే ప్రతిసారీ లో గేరు వేయాల్సి వచ్చేది.

ఇక అసలు పరీక్ష రేగడి. తొలకరి పడ్డాక అంకీస వైపు చేల దారిలో పైన నాలుగు వేళ్ల మందం బురద, దాని కింద ఎండాకాలమంతా ట్రాక్టర్లు తొక్కిన గట్టి నేల ఉంటాయి. వెడల్పు టైరు ఆ బురద మీద తేలుతుంది, కింది గట్టి నేలను అందుకోదు. స్టీరింగు ఎటు తిప్పినా బండి తన దారిన తాను పక్కకు జారేది. పైగా రేగడి టైరు గాళ్లలో కూరుకుని, చక్రం నున్నటి నల్ల డప్పులా తయారయ్యేది. మడ్ గార్డుకూ టైరుకూ మధ్య మిగిలిన రెండు వేళ్ల సందు కూడా నిండిపోతే దిగి, కొడవలితో గీకి, మళ్లీ ఎక్కి, పాతిక గజాలు పోయి మళ్లీ దిగడమే పని. ఒక సాయంత్రం ఇలా నాలుగుసార్లు దిగాను. అయిదోసారికి గట్టున కూర్చున్న ముసలాయన "బండిని ఇక్కడే ఉంచి మోటారు నెత్తిన పెట్టుకో నాయనా, ముందు చేరతావు" అన్నాడు. కోపం వచ్చింది కానీ ఆయన చెప్పింది నిజం.

205 వేసిన మొదటి వానాకాలంలోనే తేడా తెలిసింది. సన్న చక్రం బురదను కత్తిలా కోసుకుంటూ దిగి, కింది గట్టి నేలను పట్టుకుంటుంది. ఎడ్లబండి జాడల్లోనూ సరిగ్గా ఇముడుతుంది. 235 ఆ జాడలో పట్టక, ఒక అంచు పైకెక్కి బండిని ఒరగేసేది.

వెడల్పు టైరు నేలను ఎక్కువగా తాకుతుందని అందరూ అంటారు. అది సగమే నిజం. నేలను తాకే చోటు ఎంతన్నది ప్రధానంగా బరువును, గాలిని బట్టి ఉంటుంది. చక్రం మీద 300 కిలోలు పడుతుంటే, 26 పౌండ్ల గాలి దగ్గర అది సుమారు 165 చదరపు సెంటీమీటర్లు. వెడల్పు టైరుకైనా సన్న టైరుకైనా ఇంచుమించు అంతే. ఒకదానికి అడ్డంగా పరుచుకుంటుంది, ఇంకోదానికి పొడుగ్గా. గాలి 14కు దించితే అదే చోటు 300 దాటుతుంది. టైరు మార్చకుండానే ఇంత మార్పు వస్తుంది.

ఇది నాకు ఇసుకలో తెలిసింది. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు మా బావ తన కొత్త మహీంద్రా థార్ జీపులో వచ్చాడు. దాని టైర్లు 255/65 ఆర్18. స్నానాలయ్యాక అసరెల్లి దిగువన గోదావరి ఇసుకలో ఒక రైతు మోటారు చూడాల్సి వచ్చి ఇద్దరం రెండు బండ్లలో వెళ్లాం. నా బండి కంటే థార్ ముప్పావు టన్ను వరకు ఎక్కువ బరువుంటుంది. అయినా అది తేలుతూ పోయింది, నేను ఇరవై అడుగుల్లో ఇరుసుదాకా దిగబడ్డాను. "టైర్లా, సైకిలు చక్రాలా బావా అవి?" అని నవ్వాడు. పార తీసి చక్రాల ముందు ఇసుక తవ్వి, గాలి 14కు దించాను. జిప్సీ నెమ్మదిగా, గొణుక్కుంటూ బయటికొచ్చింది. అయినా బావ పోయినంత దర్జాగా పోలేదు, ఇసుకలో వెడల్పుదే పైచేయి. మరోసారి ఆశపడి పది పౌండ్లకు దించి మలుపు తిప్పితే టైరు అంచు రిమ్ము నుంచి ఊడింది. అప్పటి నుంచి 14 కంటే దించను. తారురోడ్డు ఎక్కేముందు గాలి నింపే చిన్న కంప్రెషరు సీటు కింద ఉంటుంది.

రెండో ఓటమి అదే ఏడాది జులై వరదల తర్వాత. నది ఒడ్డు చేల మీద కొత్త ఒండ్రు పేరుకుంది. పైన ఎండి పలకలుగా పగిలిన పొర, కింద పిండిలాంటి మెత్తన. సన్న చక్రం అడుగు వెతుక్కుంటూ దిగింది, అడుగే లేదు. గాలి దించినా లాభం లేకపోయింది, ట్రాక్టరే లాగింది. అక్కడ 235 ఉంటే ఆ పొర మీద తేలిపోయేదేమో అనిపించింది.

205తో ఇంకో ఇబ్బంది ఎత్తు. 235 నుంచి దాని మీదికి వస్తే బండి 32 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ట్రాక్టరు జాడల నడుమ మిగిలే గట్టు వెనక ఇరుసు గుండ్రానికి తగిలి కరకర రాసుకునేది. 195/80 నాకు నచ్చడానికి ఇదే కారణం: వెడల్పు ఇంకా తక్కువ, ఎత్తు మాత్రం 693. ఆ పన్నెండు మిల్లీమీటర్లతో రాపిడి చాలావరకు పోయింది. మీటరు తేడా నాలుగు శాతం లోపే, మైలేజీ పదకొండు దగ్గర నిలబడింది. వానలో ఆలాపల్లి రోడ్డు మీద నిలిచిన నీళ్లలోనూ 235లా తేలకుండా నీటిని చీల్చుకుంటూ పోతుంది.

మీ దారి ఎక్కువగా ఇసుకే అయితే 215/75 ఆర్15 చూడండి. జిప్సీ పాత రిమ్ము మీదే కూర్చుంటుంది, బొలెరో సైజు కాబట్టి మంచిర్యాలలోనైనా చంద్రపూర్‌లోనైనా దొరుకుతుంది. ఏ సైజు వేసినా స్టెప్నీ కూడా అదే కొనండి. నేను కక్కుర్తిపడి పాత 205నే స్టెప్నీగా మోస్తున్నాను. ఎత్తులో తేడా ఉంది కాబట్టి అది వేసుకున్న రోజు తారురోడ్డు మీద నాలుగు చక్రాలనూ కలిపి తిప్పే ఫోర్ వీల్ లివరు ముట్టుకోను.